చైను జారిందా, నేల జారిందా?

కోతల వేళ తుఫాను వచ్చిందంటే డెల్టా పొలాల్లో టైర్ల కోత యంత్రాలకు పని ఉండదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన తరువాత నీట మునిగిన వరి చేలల్లోకి దిగగలిగినవి టైర్లకు బదులు వెడల్పాటి చైన్ల మీద నడిచే చైను యంత్రాలే. అద్దె ఎక్కువైనా రైతు వాటి కోసమే ఎదురు చూస్తాడు. అయితే చైను ఉన్న యంత్రమూ దిగబడుతుంది. అది ఆగిపోయిన మరుక్షణం గట్టు మీద ఉన్నవారు తలా ఒక సలహా ఇస్తారు. చైను ఇంకా వెడల్పుగా ఉండాల్సిందని ఒకరు, పళ్లు అరిగిపోయాయని ఇంకొకరు, బండికి బరువు చాలలేదని మరొకరు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కమనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు.

చివరిదాన్ని మినహాయిస్తే ఈ సలహాల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు. ప్రతిదానికీ అది పనిచేసే నేల ఒకటి ఉంది, పనిచేయని నేల కూడా ఉంది. చిక్కంతా ‘జారుడు’ అనే ఒక్క మాట కింద వేర్వేరు వైఫల్యాలను కలిపేయడంలో ఉంది. మంచు గడ్డ మీద చైను జారుతుంది, నేల కదలదు. లోతైన బురదలో చైను మట్టిని గట్టిగానే పట్టుకుంటుంది, ఆ మట్టే తన కింది మట్టి నుంచి తెగి వెనక్కి పోతుంది. మొదటిది రెండు ఉపరితలాల మధ్య వచ్చిన సమస్య. రెండోది నేల లోపలి బలానికి సంబంధించినది. ఒకదానికి మందు రెండోదానికి పనికిరాదు, కొన్నిసార్లు హాని కూడా చేస్తుంది. పట్టు పెంచే ఏ ఉపాయాన్ని గురించి విన్నా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే: తెగుతున్నది ఎక్కడ?

చైను బండి పుట్టుకే మెత్తటి నేలతో ముడిపడి ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాన్ వాకీన్ నది డెల్టా భూములు కుళ్లిన ఆకులలముతో ఏర్పడిన మెత్తటి పీట్ నేలలు. గుర్రం కూడా దిగబడే ఆ నేలల్లో ఆవిరి ట్రాక్టర్లను నడపడానికి తయారీదారులు చక్రాలను వెడల్పు చేస్తూ పోయారు. చివరికి 46 అడుగుల వెడల్పున్న ట్రాక్టరు కూడా తయారైంది. అలాంటిది మలుపు తిరగాలన్నా, దారి మీద పోవాలన్నా ఎంత అవస్థో ఊహించుకోవచ్చు. స్టాక్టన్ పట్టణానికి చెందిన బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరు 24న తన ఆవిరి ట్రాక్టరు వెనక చక్రాలు తీసేసి, వాటి స్థానంలో చెక్క పలకలు బిగించిన గొలుసులను పెట్టి నడిపి చూశాడు. చక్రాన్ని పక్కలకు పెంచే బదులు నేల పొడవునా పరిచాడన్నమాట. ఆ చిన్న మార్పులో ఉన్న అసలు లాభం ఏమిటో లెక్కలతో తేలడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

నేల ఇచ్చే పట్టు రెండు రకాలు

ఆ లెక్కకు మూలసూత్రం మాత్రం చాలా పాతది. చార్లెస్ కూలుంబ్ అంటే మనకు విద్యుదావేశాల సూత్రం గుర్తొస్తుంది. ఆయన ఫ్రెంచి సైన్యంలో ఇంజినీరు. కరీబియన్‌లోని మార్టినీక్ దీవిలో కోట కట్టిన అనుభవంతో, మట్టి ఎప్పుడు తెగి జారుతుందో వివరిస్తూ 1773లో పారిస్ అకాడమీకి ఒక పత్రం సమర్పించాడు. మట్టి తెగకుండా నిలబెట్టే బలం రెండు భాగాలని అందులోని సారాంశం. ఒకటి, మట్టి రేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండే బలం. దీనికి పైనున్న బరువుతో సంబంధం లేదు, ఎంత విస్తీర్ణంలో మట్టి తెగాలి అన్నదే లెక్క. రెండోది, రేణువుల మధ్య ఘర్షణ. దీనికి విస్తీర్ణంతో పని లేదు, పైన ఎంత బరువు నొక్కుతోంది అన్నదే ముఖ్యం.

పొడి ఇసుకలో దాదాపు అంతా రెండో రకమే. నీరు నిండిన బంకమట్టిలో దాదాపు అంతా మొదటి రకమే. ఇసుక సంగతి తేలికే. బంకమట్టి దగ్గరే చాలామంది తడబడతారు. బంకమట్టి రేణువుల మధ్య సందులు అతి సన్నం. బండి ఎక్కగానే ఆ సందుల్లో ఉన్న నీరు బయటికి పోవడానికి గంటలు, రోజులు పడుతుంది. బండి దాటేది సెకన్లలో. కాబట్టి బరువును రేణువుల కన్నా ముందు నీరే మోస్తుంది. రేణువులు ఒకదానికొకటి ఒత్తుకోవు, ఘర్షణ పెరగదు. బండి మీద ఎంత బరువు వేసినా పట్టు పెరగకపోవడానికి కారణం ఇదే.

ఒక మాదిరి లెక్క వేద్దాం. చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో బలంతో అంటిపెట్టుకుని ఉండే మెత్తటి బురద ఉందనుకుందాం. దానిలోకి 30 టన్నుల ట్యాంకు ఒకటి, 3 టన్నుల వరి కోత యంత్రం ఒకటి దిగాయి. ట్యాంకు చైన్లు ఒక్కొక్కటి అర మీటరు వెడల్పున 4 మీటర్ల పొడవున నేలను తాకుతాయి. మొత్తం 4 చదరపు మీటర్లు. కోత యంత్రం చైన్లు అదే వెడల్పు, పొడవు మాత్రం మీటరున్నర. మొత్తం 1.5 చదరపు మీటర్లు. ఆ బురద ట్యాంకుకు ఇవ్వగల గరిష్ఠ తోపుడు బలం 4 టన్నులు, అంటే దాని బరువులో ఏడో వంతు కూడా కాదు. కోత యంత్రానికి దక్కేది టన్నున్నర, సరిగ్గా బరువులో సగం. ఇక మోయడం సంగతి చూస్తే, అలాంటి బురద తన అంటుకునే బలానికి సుమారు 5 రెట్ల ఒత్తిడిని మోయగలదు, అంటే చదరపు సెంటీమీటరుకు అర కిలో. కోత యంత్రం మోపేది 0.2 కిలో, నిలబడుతుంది. ట్యాంకు మోపేది 0.75 కిలో, గట్టి పొర తగిలేదాకా దిగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ రెండింటినీ పొడి ఇసుకలో పెడితే కథ మారిపోతుంది. మామూలు ఇసుకలో ఘర్షణ వల్ల వచ్చే పట్టు బరువులో 58 శాతం దాకా ఉంటుంది. ట్యాంకుకు 17 టన్నులకు పైగా, కోత యంత్రానికి 1.7 టన్నులు. చైను వెడల్పు రెట్టింపు చేసినా ఈ అంకె మారదు. వెడల్పు వల్ల ఇసుకలో కలిసొచ్చేది తక్కువ దిగబడటం మాత్రమే. బరువు పెంచితే పట్టు పెరుగుతుందన్న సలహా ఇసుకలో కొంతవరకు నిజం, తడి నల్లరేగడిలో శుద్ధ తప్పు.

పొడవు చేసే పని

ఇంత చెప్పినా చైను చక్రం కన్నా ఎందుకు మేలో పూర్తిగా తేలలేదు. విస్తీర్ణం ఒక్కటే కారణమైతే లావుపాటి టైర్లు వేస్తే సరిపోయేది. ఇక్కడ మట్టికున్న ఇంకో గుణం కలుస్తుంది. మట్టి తన పూర్తి బలాన్ని ఊరికే చూపించదు. అది కొంత దూరం కదిలాకే పూర్తిగా ఎదురు నిలుస్తుంది. కాబట్టి బండి ముందుకు పోవాలంటే కొంచెమైనా జారాలి. ఏ మాత్రం జారని చైను ఏ మాత్రం తొయ్యదు.

చైను కింద ముందు కొసన ఉన్న మట్టి అప్పుడే చైనుకు అందింది కాబట్టి ఇంకా కదల్లేదు. వెనక్కి వచ్చేకొద్దీ కదిలిన దూరం పెరుగుతుంది. పొడవైన చైను కింద కొద్దిపాటి జారుడుకే వెనక భాగంలోని మట్టి మొత్తం బలం చూపే స్థాయికి చేరుకుంటుంది. 10 శాతం జారుడు దగ్గర, అంటే చైను పది మీటర్లు తిరిగితే బండి తొమ్మిది మీటర్లే కదిలినప్పుడు, ఒక మోస్తరు మట్టిలో, నేలను మీటరున్నర పొడవున తాకే చైను ఆ నేల ఇవ్వగల బలంలో సుమారు 83 శాతం రాబడుతుంది. నేలను 40 సెంటీమీటర్లు మాత్రమే తాకే ట్రాక్టరు టైరు అదే జారుడుతో సగం మాత్రమే రాబడుతుంది. మిగతా సగం కావాలంటే టైరు ఇంకా తిరగాలి, ఇంకా జారాలి, అంటే ఇంకా తవ్వాలి.

తవ్వడమే అసలు ప్రమాదం. జారుతున్న చైను కింది మట్టిని వెనక్కి తోసేస్తుంది. మొత్తం కదలిక పోగుపడేది వెనక కొసలో కాబట్టి గొయ్యి అక్కడే పడుతుంది. బండి వెనక భాగం దిగుతుంది, ముక్కు లేస్తుంది, ఇంకొంచెం తొక్కితే పొట్ట నేలకు ఆనుతుంది. పొట్ట ఆనిన తరువాత బరువులో కొంత చైన్ల మీద నుంచి పొట్ట మీదికి పోతుంది. ఇక ఆ పొట్టను బురదలో ఈడ్చుకుపోవడమే చైన్లకు అదనపు భారం. యాక్సిలరేటర్ తొక్కమనే సలహాను మొదట్లోనే విడిగా పెట్టింది ఇందుకే. ఇది ఏ నేలలోనూ పనిచేయదు.

ఈ లెక్కలన్నిటినీ ఒక శాస్త్రంగా కూర్చినవారిలో ముందుగా చెప్పవలసిన పేరు మీచెస్వాఫ్ బెక్కర్. పోలండులో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల దేశం విడిచి, కెనడా మీదుగా అమెరికా చేరిన ఇంజినీరు. నేలకూ బండికీ మధ్య జరిగేదాన్ని అధ్యయనం చేసే టెర్రామెకానిక్స్ ఆయన 1950లలో చేసిన పనితో ఒక రూపానికి వచ్చింది. తరువాత అపోలో యాత్రికులు చంద్రుడి మీద నడిపిన రోవర్ రూపకల్పనలోనూ ఆయన చేయి ఉంది. అక్కడి ధూళి నేల కూడా ఆయనకు మట్టి లెక్కే.

వెడల్పు కథ: యుద్ధం నేర్పిన పాఠం

వెడల్పు ఎంత ముఖ్యమో తెలియాలంటే 1941 శరదృతువులో సోవియట్ నేల మీదికి వెళ్లాలి. వానలకు మట్టి రోడ్లు బురద కాలువలయ్యాయి. జర్మన్ల మూడో, నాలుగో నమూనా పాంజర్ ట్యాంకుల చైన్లు 36 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పువి, గట్టి రోడ్లున్న పశ్చిమ యూరప్‌కు సరిపోయేవి. ఎదురుగా వచ్చిన టీ-34 చైన్లు అర మీటరుకు తగ్గనివి. వాటి బరువు కొంత ఎక్కువైనా నేల మీద మోపే ఒత్తిడి మాత్రం తక్కువగా ఉండేది. జర్మన్లు కూరుకుపోయిన చోట సోవియట్ ట్యాంకులు కదిలేవి.

దీనికి జర్మన్లు ముందుగా వెతికిన పరిష్కారం అతుకు వేయడం. 1942లో చైను లింకులకు బయటి వైపు రెక్కలు పొడిగించిన ‘వింటర్‌కెట్టెన్’, 1944లో అదే దారిలో ‘ఓస్ట్‌కెట్టెన్’ వచ్చాయి. అమెరికన్లు కూడా 1944 శీతాకాలం ముందు షెర్మన్ ట్యాంకుల 42 సెంటీమీటర్ల చైన్లకు పక్కన బాతు ముక్కులాంటి రేకులు బిగించారు. తరువాత 58 సెంటీమీటర్ల చైనుతో కొత్త సస్పెన్షన్ తెచ్చారు. టైగర్ ట్యాంకుకైతే రెండు జతల చైన్లు: యుద్ధానికి 72.5 సెంటీమీటర్లవి, రైలు మీద తరలించేటప్పుడు 52 సెంటీమీటర్లవి. ఊరు మారిన ప్రతిసారీ చైన్లు మార్చుకోవలసిన సిబ్బంది ఏమనుకునేవారో చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు.

అతికించిన రెక్కలకు ఒక లోపం ఉంది. బండి బరువును చైను మీద మోపే లోపలి చక్రాలు వాటి పైన ఉండవు. మెత్తటి నేలలో అవి పనికొస్తాయి, గట్టి రాయి మీద మాత్రం బరువంతా ఆ కొస మీద పడితే వంగిపోతాయి, విరిగిపోతాయి. ఈ చిన్న సంగతి పెద్ద విషయాన్ని బయటపెడుతుంది. చైను తన కింది నేలంతా సమానంగా నొక్కుతుందని, బరువును విస్తీర్ణంతో భాగిస్తే ఒత్తిడి తెలిసిపోతుందని అనుకుంటాం. ట్యాంకుల వివరాల పట్టికల్లో రాసేది కూడా ఆ సగటునే. అది కాగితం మీది అంకె. చైను వంగే గొలుసు. చక్రం ఉన్న చోట గట్టిగా నొక్కుతుంది, రెండు చక్రాల నడుమ దాదాపు వేలాడుతుంది. చక్రం కింద ఒత్తిడి సగటుకు రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. మెత్తటి నేల దిగబడేది ఆ గరిష్ఠ ఒత్తిడికి, సగటుకు కాదు. 1972లో బ్రిటన్‌కు చెందిన డి. రౌలండ్ చక్రాల కింద వచ్చే గరిష్ఠ ఒత్తిళ్ల సగటును లెక్కించే పద్ధతిని ప్రతిపాదించాక, ఒకే బరువు, ఒకే చైను విస్తీర్ణం ఉన్న రెండు బండ్లు ఒకే బురదలో వేరువేరుగా ఎందుకు ప్రవర్తిస్తాయో తేలికగా అర్థమైంది.

కొత్త చైను కొనకుండానే పట్టు పెంచుకునే దారులు ఇక్కడ ఉన్నాయి. చక్రాలు ఎక్కువగా, దగ్గరగా ఉంటే ఒత్తిడి పరుచుకుంటుంది. చైను బిగింపు కూడా అంతే ముఖ్యం. వదులుగా ఉన్న చైను చక్రాల మధ్య పైకి లేచి బరువంతా చక్రాల మీదే వదిలేస్తుంది. బిగుతుగా ఉంటే నడుమ భాగం కూడా నేలను నొక్కి తన వంతు మోస్తుంది. కెనడాలో జె. వై. వాంగ్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు ఈ బిగింపు ప్రభావాన్ని అంకెలతో చూపించాయి. అతిగా బిగిస్తే ఇంజిను శక్తి వృథా, పిన్నులూ రోలర్లూ త్వరగా అరుగుదల, నిజమే. అయినా అద్దెకు తిరిగే కోత యంత్రాల్లో వదులు చైన్లే ఎక్కువగా కనిపిస్తాయి. చైను ఊడితే తప్ప బిగింపు గుర్తుకు రాదు. ఊడకముందే అది పట్టును తినేస్తూ ఉంటుంది.

పళ్ల మీద ఉన్న భ్రమ

చైను పళ్లు ఎంత పొడుగ్గా, ఎంత దగ్గరగా ఉంటే అంత పట్టు అని అందరూ నమ్ముతారు. పళ్లు చేసే అసలు పని వేరు. రెండు పళ్ల మధ్య చిక్కిన మట్టి ముద్ద చైనుతో కలిసి ఒకటైపోతుంది. ఇక తెగవలసింది రబ్బరుకూ మట్టికీ మధ్య కాదు, పంటి కొసల వెంట మట్టికీ మట్టికీ మధ్య. నున్నటి రబ్బరు బురద మీద జారే బలహీనతను తప్పించి, నేల తన సొంత బలం మేరకు నిలబడేలా చేయడమే పళ్ల ఉపకారం. ఆ పని జరిగిన తరువాత మరిన్ని పళ్లు చేర్చినా నేలకు లేని బలం రాదు.

పొడుగు పళ్ల వల్ల కొంత అదనపు లాభం ఉంది. మట్టి ముద్ద అడుగునే కాక రెండు పక్కలా కూడా తెగాలి. బెక్కర్ సూత్రం ప్రకారం అర మీటరు వెడల్పు చైనుకు 5 సెంటీమీటర్ల పళ్లుంటే బంకమట్టిలో పట్టు 20 శాతం పెరుగుతుంది. అదే చైనును 60 సెంటీమీటర్లకు వెడల్పు చేసినా పెరిగేది 20 శాతమే, దానితోపాటు దిగబడటం కూడా తగ్గుతుంది. పళ్ల పొడుగు గురించి ప్రకటనల్లో కనిపించే ఆర్భాటానికి ఈ లెక్క ఆధారం ఇవ్వదు.

దగ్గర పళ్లతో ఇంకో ఇబ్బంది ఉంది. నల్లరేగడిలాంటి జిగట మట్టి వాటి మధ్య ఇరుక్కుని రాలదు. రెండు సాళ్లు తిరిగేసరికి చైను అంతా మట్టి పూసిన నున్నటి పట్టీ అవుతుంది. అందుకే బురద చైన్ల మీద పళ్లు దూరంగా, అడుగున వెడల్పుగా కొసన సన్నగా ఉంటాయి. చైను వెనక చక్రం చుట్టూ వంగేటప్పుడు పళ్ల మధ్య సందు విచ్చుకుని మట్టి ఊడిపడాలి. యూరప్ శీతాకాలంలో ఈ ఇరుక్కున్న బురద మరో రూపంలో పగ తీర్చుకుంది. జర్మన్ల పాంథర్ ట్యాంకుల చక్రాలు ఒకదాని మీద ఒకటి అతివ్యాపించి ఉండేవి. బరువు పరచడానికి అది చక్కటి ఏర్పాటే, కానీ రాత్రి పూట వాటి మధ్య బురద గడ్డకట్టి తెల్లవారేసరికి చక్రాలు బిగుసుకుపోయేవి.

గట్టి నేల మీది పలచటి జారుడు

ఇంతవరకు చెప్పినదంతా లోతైన మెత్తటి నేల గురించి. ఎండిన గట్టి నేల మీద చిన్న జల్లు పడి పైన ఒక అంగుళం మాత్రమే నానితే పరిస్థితి తలకిందులవుతుంది. అది గచ్చు మీద సబ్బు నీళ్లు పోసినట్టే. ఇక్కడ దిగబడే ప్రమాదం లేదు, పట్టు లేదంతే. వెడల్పు చైను పై పొర మీదే తేలుతూ జారుతుంది. కావలసింది తేలడం కాదు, ఆ జిగురును చీల్చుకుని కింది గట్టి నేలను అందుకోవడం. సన్నటి చైను, ఎక్కువ ఒత్తిడి, పదునైన పళ్లు ఇక్కడ మేలు.

మన వరి రైతు ఈ సూత్రాన్ని ఎవరూ చెప్పకుండానే వాడుకుంటున్నాడు. ఏళ్ల తరబడి దమ్ము చేసిన మడిలో పై బురద కింద, సుమారు జానెడు లోతున, గట్టి పొర ఒకటి ఏర్పడి ఉంటుంది. దమ్ముకు ట్రాక్టరుకు బిగించే ఇనుప కేజ్ వీల్స్ బురద మీద తేలవు. బురదను కోసుకుంటూ ఆ గట్టి పొరను అందుకుంటాయి. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు చీలిపోతుంది, అందుకే ఏటా నాట్ల కాలంలో అధికారుల హెచ్చరికలు. చైను కోత యంత్రానికి కూడా చివరి ఆధారం ఆ గట్టి పొరే. చేపల చెరువు పూడ్చిన భూమిలో, మట్టి తవ్వి అమ్ముకున్న పొలంలో ఆ పొర ఉండదు. అలాంటి చోట పేరున్న యంత్రం కూడా పొట్ట ఆనేదాకా దిగుతుంది.

మంచు గడ్డ ఈ వరుసలో చివరి కొస. కరిగే దశలో ఉన్న తడి మంచు గడ్డ మీద రబ్బరు పట్టు బరువులో పదో వంతు కన్నా తక్కువ. అంటే పది మీటర్లకు ఒక మీటరు లేచే వాలును కూడా బండి ఎక్కలేదు, దిగేటప్పుడు ఆగలేదు. విస్తీర్ణం లెక్కలోకే రాదు. బండి ఒత్తిడికి మంచు కరిగి జారుతుందని పాఠ్యపుస్తకాల్లో చదివినది ఇక్కడ వర్తించదు. ఒక వాతావరణ పీడనం అదనంగా పడితే మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గేది డిగ్రీలో వందో వంతు కూడా కాదు, ట్యాంకు మోపేది దాదాపు అంతే. జారుడుకు కారణం మంచు ఉపరితలం మీద ఒత్తిడి లేకపోయినా ఉండే, నీటిలా కదిలే అతి పలచటి పొర, దానికి తోడు రాపిడి వేడి. చలి ముదిరేకొద్దీ ఆ పొర బిగుసుకుంటుంది కాబట్టి సున్నా డిగ్రీల దగ్గర కంటే మైనస్ ఇరవైలో బండి మెరుగ్గా నిలుస్తుంది.

మంచు గడ్డను పట్టుకోవాలంటే దాన్ని గుచ్చాలి. జర్మన్ లియోపార్డ్ ట్యాంకు ముందు కవచం మీద ఇంగ్లిషు ఎక్స్ అక్షరం ఆకారంలో ఉక్కు ముక్కలు వరుసగా తగిలించి ఉంటాయి. చూసేవారికి అలంకారంలా కనిపిస్తాయి. చలికాలంలో చైనులోని కొన్ని లింకుల రబ్బరు దిమ్మెలు తీసేసి వాటి స్థానంలో వీటిని బిగిస్తారు. అన్ని లింకులకూ కాదు, కొన్నింటికే. బరువంతా కొద్దిపాటి ఉక్కు అంచుల మీద పడితేనే అవి మంచులోకి దిగుతాయి. అన్నింటికీ బిగిస్తే బరువు పంచుకుపోయి ఏదీ సరిగా గుచ్చదు. పళ్లు తగ్గిస్తే పట్టు పెరగడం వింతగా తోచినా అది ఈ నేల ధర్మం. తారు రోడ్డు చేరాక మళ్లీ రబ్బరు దిమ్మెలు పెట్టుకోవాలి, లేకపోతే రోడ్డూ పోతుంది, గట్టి రోడ్డు మీద నున్నటి ఉక్కు కూడా జారుతుంది.

కురిసిన మెత్తటి మంచు వేరే జాతి. దాన్ని తొక్కితే గట్టిపడుతుంది, కాసేపు వదిలేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఇంకా గట్టిపడతాయి. స్కీయింగ్ వాలులను చదును చేసే యంత్రాలు, 1969లో మొదలైన జర్మన్ పిస్టెన్‌బులీలాంటివి, ఈ గుణం మీదే బతుకుతాయి. బాగా వెడల్పైన రబ్బరు పట్టీలకు అడ్డంగా ఎత్తైన లోహపు పట్టెలు ఉంటాయి. పట్టీ తేలిస్తే పట్టె గుచ్చుతుంది. మరీ నిటారు వాలు మీద అవి కూడా చాలవు, పైన లంగరు వేసిన ఉక్కు తాడును చుట్టుకుంటూ ఎక్కుతాయి. స్వీడన్ వారి బీవీ-206 అనే చైను బండి రెండు పెట్టెలను కలిపి నాలుగు చైన్లనూ నడిపిస్తుంది. దాని విశేషం మలుపులో ఉంది.

మామూలు చైను బండి తిరగాలంటే ఒక చైనును ఆపి రెండోదాన్ని తోలాలి. అప్పుడు పొడవైన రెండు చైన్లూ నేలను అడ్డంగా ఈడుస్తాయి. దిగబడి ఉంటే పక్కనున్న మట్టి గోడను కూడా తోసుకుపోవాలి. తిన్నగా పోవడానికే బొటాబొటిగా సరిపోతున్న తోపుడు బలం ఇక్కడ చాలదు. బురదలో చైను బండ్లు ఎక్కువగా చిక్కుకునేది తిరిగేటప్పుడే. బీవీ-206 నడుము దగ్గర వంగి తిరుగుతుంది కాబట్టి చైన్లు నేలను ఈడ్చవు. నడుము వంగని బండి నడిపేవారికి మిగిలిన దారి పెద్ద వంపు తీసుకోవడం, అది కూడా మడిలో కాకుండా గట్టి మూలల్లో.

ఇన్ని చేసినా దిగబడితే? మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో పాషెండేల్ బురదలో బ్రిటిష్ వారు కనిపెట్టిన ఉపాయాన్ని మించినది ఇంకా రాలేదు. మార్క్-4 ట్యాంకు పైకప్పు మీద రెండు పట్టాలు, వాటి మీద ఇనుప రేకు తొడిగిన పెద్ద దుంగ. దిగబడితే సిబ్బంది, కాల్పుల మధ్యనైనా సరే, బయటికి వచ్చి దుంగను రెండు చైన్లకూ గొలుసులతో కట్టేవారు. చైను తిరిగితే దుంగ ముందు నుంచి కిందికి వెళ్లి ట్యాంకు అడుగున అడ్డంగా పడేది. ట్యాంకు దాని మీదుగా పాకి బయటపడేది. ఆ దుంగ ఒక్కసారిగా అడ్డంగా అంత వెడల్పున మట్టిని పట్టుకుంటుంది, పొట్ట మీదికి పోయిన బరువును మళ్లీ చైన్ల కిందికి తెస్తుంది. భారత సైన్యం వాడే టీ-72, టీ-90 ట్యాంకుల వెనక కూడా ఇప్పటికీ ఒక చెట్టు దుంగ కట్టి ఉంటుంది. లేజర్లు, కంప్యూటర్లు ఉన్న యంత్రానికి వెనక కట్టెమోపు ఎందుకని నవ్వుకునేవారికి సమాధానం ఇదే. మన ప్రొక్లెయిన్ డ్రైవర్లు చెరువు పూడికతీతలో తాటి దుంగలు వేసుకునేది కూడా ఈ పద్ధతిలోనే.

వరి మడి సంగతికి వస్తే, అక్కడ ఎక్కువ పట్టు దొరికేది యంత్రంలో కాదు, నీటి యాజమాన్యంలో. కోతకు పది రోజుల ముందు నీరు తీసేస్తే బంకమట్టి బలం ఏ చైనూ పెంచలేనంతగా పెరుగుతుంది. తుఫాను ఆ అవకాశం ఇవ్వనప్పుడు నడిపే తీరే మిగులుతుంది. మంచులో పాత జాడ గట్టిపడుతుంది, అక్కడ అదే దారిన పోవడం తెలివి. తడి బంకమట్టి తొక్కినకొద్దీ బలం కోల్పోతుంది, ఒకసారి మోసిన జాడ రెండోసారి మోయకపోవచ్చు. ప్రతి సాలుకూ కొత్త నేల వాడుకోవాలి, ధాన్యం దింపడానికి గట్టుకు వెళ్లే దారి కూడా ఒకటే కాకూడదు. ధాన్యం పెట్టె నిండేదాకా ఆగడం ఇంకో పొరపాటు. అర టన్నుకు పైగా ధాన్యం ఎక్కినా తడి బంకమట్టిలో దానివల్ల వచ్చే అదనపు పట్టు సున్నా. చక్రాల కింద ఒత్తిడి మాత్రం ఆ మేరకు పెరుగుతుంది. సగం నిండగానే దింపుకుంటే ట్రిప్పులు పెరుగుతాయి, డీజిలు ఖర్చవుతుంది. దిగబడిన యంత్రాన్ని లాగడానికి రెండో యంత్రాన్ని పిలిపించే ఖర్చు ముందు అది లెక్కలోది కాదు.